సంపాదకుని మాట: అభిఘాతమున ఆవిర్భావము



జెనీవా నగర సమీపమున, సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో వలయాకారముగ నిర్మింపబడిన లార్జ్ హాడ్రాన్ కొలైడరునందు, కాంతివేగమునకు రవ్వంత మాత్రమే తక్కువైన వేగముతో సెకనుకు 11 వేల మారులకు పైగా పరిభ్రమించు ప్రోటానులు ఎదురెదురుగ వచ్చి ఢీకొన్నప్పుడు సంభవించునదేమి? ఈ ప్రశ్నయే ఈ సంచికకు ప్రాణము.

గడియారమును పగులగొట్టి లోని చక్రములను చూచుట వంటిదని పలువురు తలంతురు. ఆ పోలిక చాలదని మా అభిప్రాయము. ఢీకొన్నవానిలో మునుపు లేని కణములు, వానికంటె నెన్నో రెట్లు భారమైనవి, ఆ శక్తినుండియే జనించుచున్నవి. ప్రోటానుకంటె దాదాపు 133 రెట్లు భారముగల హిగ్స్ బోసాను అట్లు పుట్టినదే. సుమారు వంద కోట్ల అభిఘాతములకు ఒకమారు జనించి, లిప్తకాలమైనను నిలువక, రెండు ఫోటానులుగానో మఱియొక విధముగానో క్షయించును. దానిని కన్నులార చూచినవారు లేరు. అది విడిచిపోయిన శక్తిని కొలిచి, లెక్కలు కట్టి, 2012 జూలై 4న దాని యునికిని ప్రకటించిరి. 1964లో పీటర్ హిగ్స్ ప్రభృతులు చేసిన ఊహకు 48 ఏండ్లపాటు ఋజువు వెదకిన ఆ తరముల ఓర్పునకు మేము చేతులు మోడ్చుచున్నాము. ఈ సంచికలోని రచనలన్నిటను కలిపిన సూత్రము ఆ ఓర్పే.

ఆ వలయమందలి అయస్కాంతములను మోయుచున్న జాకులు మన దేశమున చేయించినవి. 2017 నుండి భారతదేశము, ఆ కొలైడరును నడపుచున్న సెర్న్ సంస్థకు సహసభ్యురాలు. అయినను ఈ శాస్త్రమును తెలుగున సాకల్యముగ చదువుకొను భాగ్యము మన విద్యార్థులకు నేటికిని అరుదు. చదివి, మీ సందేహములను మాకు తప్పక వ్రాయుడు.