పుస్తకం పేరు రాస్తే చాలదు

మా అన్న కూతురు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చినారు. పాప తీసుకున్న విషయం కోలారు బంగారు గనులు, వాటి చుట్టూ ఉన్న మన తెలుగు పల్లెలు. ముందు అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ రాసుకొని రమ్మన్నారంట. అంటే చదివిన పుస్తకాల పట్టీ; ఒక్కొక్క దాని కింద అది ఏం చెప్తుంది, ఎంతవరకు నమ్మవచ్చు, మన పనికి ఎట్లా వస్తుంది అని నాలుగైదు వాక్యాలు. మేము చదివింది కన్నడ మీడియం. మా కాలంలో గ్రంథసూచి అంటే పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఉండే, ఎవరూ తిప్పని పేజీ. తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చుకున్నవే, తప్పులుంటే సర్దుకోండి.

పాప తెచ్చిన మొదటి పట్టీలో పద్నాలుగు పేర్లు. పదకొండు ఇంగ్లీషు, మూడు కన్నడ. తెలుగు ఒక్కటీ లేదు. ప్రతిదాని కింద "చాలా ఉపయోగకరమైన పుస్తకం" అని ఉంది. మేము చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "పని చేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి పంపితే వెనక్కి పంపేస్తాము. ఏ స్క్రీన్, ఏం నొక్కినావు, ఏం వచ్చింది, అది చెప్పు. ఇంకొకరు అదే దారిలో పోయి అదే చోటికి చేరాలి. పుస్తకం కింద రాసే మాట కూడా అట్లాంటిదే అని మా అభిప్రాయం.

ఆ పద్నాలుగులో ఆరు, ఒకే కథ. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఈ ప్రాంతంలో బంగారం మాట విని విచారించడం, ఆ రాత చదివి 1871 తర్వాత మైకేల్ లావెల్ ఇక్కడికి రావడం, 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగడం. ఆరు చోట్లా దాదాపు అవే వాక్యాలు. ఒకరిని చూసి ఒకరు రాసినవి ఆరు ఉన్నా సాక్ష్యం ఒక్కటే. మా ఆఫీసులో దీన్ని డూప్లికేట్ అంటారు, ఒకటి ఉంచి మిగిలినవి మూసేస్తారు. 2018లో సినిమా వచ్చినాక ఇట్లాంటివి ఇంకా ఎక్కువైనాయి. సినిమా చూసి కోలారును తెలుసుకున్నామనే చుట్టాలు మాకూ ఉన్నారు, ఏం చెప్తాము!

అసలు పని పెద్ద పుస్తకాల దగ్గర మొదలవుతుంది. లూయిస్ రైస్ 1905లో అచ్చు వేయించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటం మొత్తం కోలారు జిల్లా శాసనాలే. పేరు చూసి అన్నీ కన్నడ అనుకుంటారు. తీరా చూస్తే కోలారమ్మ గుడిలోని చోళుల కాలపు తమిళ శాసనాలూ ఉన్నాయి, తెలుగువీ ఉన్నాయి. శాసనాలకు తాలూకా తాలూకాకు వేరే నంబర్లు. కాబట్టి "పదో సంపుటం, 12" అని రాస్తే ఎవరికీ దొరకదు, తాలూకా పేరు కూడా రాయాలి. అందులో బంగారపేట కోసం వెతికితే కనిపించదు. అప్పటి పేరు బౌరింగ్‌పేట. ఇట్లాంటిది ఒక్క వాక్యం పట్టీలో ఉంటే, తర్వాత వచ్చే పిల్లకు ఒక రోజు మిగులుతుంది.

అంతకంటే పెద్ద గుంత జిల్లా హద్దు. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు అన్నీ అటు పోయినాయి. 1955 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదికలో, తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ ఉన్నా కోలారు జిల్లా మైసూరు వైపే ఉండాలని రాసినారు. ఆ లెక్క పాత జిల్లాది. దాన్ని తెచ్చి ఇప్పటి జనగణన పక్కన పెట్టి "మనవాళ్ళు తగ్గిపోయినారు" అని ఏడ్చేవాళ్ళను మేము చూసినాము. తగ్గినారో లేదో తరువాత మాట, ముందు రెండూ ఒకే నేల కాదు.

జానకి నాయర్ గారి "మైనర్స్ అండ్ మిల్‌హ్యాండ్స్" 1998లో వచ్చింది. గని కార్మికుల బతుకు తెలియాలంటే అది చదవాల్సిందే. పాప దాని కింద మళ్ళీ రాసిన మాట మాకు నచ్చింది: ఇది గని లోపలివాళ్ళ, బెంగళూరు మిల్లులవాళ్ళ కథ, గనికి పాలు, కట్టెలు తోలిన పల్లెల కోసం వేరే చోట వెతకాలి. పుస్తకాన్ని తక్కువ చేయలేదు, దానిలో లేనిది దాన్ని అడగలేదు, అంతే.

తెలుగు పుస్తకం లేదన్నాము కదా. ఉంది, అవ్వ ట్రంకు పెట్టెలో. కైవారం తాతయ్య తెలుగు పదాలు, కన్నడ లిపిలో అచ్చు వేసినవి. తెలుగు అక్షరాలతో కంప్యూటర్‌లో వెతికితే ఎట్లా దొరుకుతుంది? మనలాంటి ఇళ్ళలో తెలుగు ఇట్లా ఇంకొక లిపి వెనక దాగి ఉంటుంది. హోసూరులోనో, బళ్ళారిలోనో ఉండే మీ ఇళ్ళలో కూడా ఒకసారి చూడండి. పట్టీలో భాష ఒక గడిలో, లిపి ఇంకొక గడిలో రాయమన్నాము.

గొడవ వచ్చింది పదిహేనో నంబరుతో. పాప మన కుటుంబం పేజీనే పట్టీలో చేర్చింది. మా ముత్తాత 1930లో, వేలిముద్రల నిబంధన మీద గని కార్మికులు చేసిన సమ్మెలో ఉన్నాడని మనం ఇక్కడ ఎన్నో ఏండ్లుగా రాసుకుంటున్నాము. దాని కింద పాప రాసింది: "కాగితం ఆధారం లేదు. మనవడు చెప్పిన మాట. సమ్మె నిజం, ఈ మనిషి అందులో ఉన్నాడని ఇంకా తేలలేదు." పెద్దనాయనకు కోపం వచ్చింది. "మా తాతను అబద్ధం అంటావా?" అని రెండు పూటలు మాట్లాడలేదు.

మేము పాప పక్కే నిలబడినాము. అబద్ధం అనలేదు కదా, ఎక్కడి నుంచి వచ్చిందో రాసింది. ఇంటి మాట అని నెత్తిన పెట్టుకోవడమూ తప్పే, కాగితం కాదని బయట పడేయడమూ తప్పే. రైస్ దొరకు ఏ గడులు పెట్టినామో పెద్దనాయనకూ అవే పెట్టాలి: ఎవరు చెప్పినారు, అప్పుడు వయసెంత, ఎవరి నోట విన్నారు, ఏ తేదీన రాసుకున్నాము.

మూడో రోజు పెద్దనాయనే పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. "నేను చూడలేదు పాపా. మా నాయన చెప్తా ఉంటే విన్నా, అప్పుడు నాకు తొమ్మిదేండ్లు ఉండచ్చు. రాసుకో" అన్నాడు. పాప రాసుకుంది. పదిహేనో నంబరు ఇప్పుడు మూడు వాక్యాలు కాదు, ఒక పేజీన్నర.

గనిలో పని చేసిన తాతలవి జీతం చీట్లు, హాజరు కార్డులు, ఆస్పత్రి చీట్లు మీ దగ్గర ఉంటే ఫోటో తీసి పంపండి. వెనకవైపు కూడా తీయండి, తేదీ చాలాసార్లు అక్కడే ఉంటుంది.