వాల్యూమ్ మన చేతిలో ఉండాల

మిత్రులారా, పోయిన వారం జానపద సాహిత్యం సిలబస్ గురించి రాస్తానని మాటిచ్చినా. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నా. ఈ వారం ఒక పాత డబ్బా గురించి రాస్తా. చివరిదాకా చదివితే సిలబస్ గురించి కూడా సగం రాసేసినానని మీకే అర్థమవుతుంది.

మొన్న ఏప్రిల్ 14. పాకాల పక్కన ఒక దళితవాడ. పేరు రాయను, రాస్తే అక్కడుండే పిల్లోళ్లకే ఇబ్బంది. జయంతికి మైక్‌సెట్టు మాట్లాడుకుని, 500 అడ్వాన్సు కూడా ఇచ్చినారు. ముందురోజు రాత్రి సెట్టాయన ఫోన్ చేసి, "మిషను రిపేరు నైనా, ఏమనుకోవద్దు" అన్నాడు. ఆ మిషనే మరుసటి రోజు సాయంత్రం ఊర్లో ఒక పెళ్లిలో మోగింది. వాడ దాకా వినిపించింది. ఒక్క పూటలో ఎట్ల బాగైందని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేకుండా అందరికీ తెలుసు.

జయంతి ఆగలేదు. పలకలు కాచినారు, కొట్టినారు. తర్వాత డిగ్రీ మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి పాడడానికి లేచింది. దామలచెరువు మామిడికాయల మండీలో వాళ్లమ్మ చేసే పని మీద తనే కట్టుకున్న పాట. పక్కన ఒక పిల్లోడు గిటార్ వాయించినాడు. మూడు వరసల దాకా వినిపించింది. నేను నాలుగో వరసలో ఉన్నా. ఆ పాప పెదాలు కదలడం చూసినా, మాట మాత్రం నాకు చేరలేదు. వాళ్లమ్మ ఆరో వరసలో ఉంది.

కార్యక్రమం అయినాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "సార్, మనకే ఒకటి ఉంటే?" అంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు.

కొత్తది కొనే స్తోమత లేదు. మామిడి సీజన్‌లో పిల్లోళ్లు మండీలో కాయలు ఏరి, లోడెత్తిన కూలిలో కొంత పక్కన పెట్టినారు. నేను కొంచెం వేసినా. ఆరు వేలు అయ్యింది. ఆన్‌లైన్‌లో వెతికితే తిరుపతిలో ఒకాయన పాత గిటార్ యాంప్ అమ్ముతానని పెట్టినాడు. సాలిడ్ స్టేట్, 30 వాట్లు, 10 అంగుళాల స్పీకరు, గిటార్‌కొకటి మైక్‌కొకటి రెండు ఇన్‌పుట్లు. చంకలో పెట్టుకుని రైలెక్కేంత సైజు. ధర ఏడు వేలు. నేను, పాడిన అమ్మాయి, గిటార్ పిల్లోడు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన ఇంకో పిల్లోడు, నలుగురం పాకాల జంక్షన్‌లో రైలెక్కినాం.

అమ్మే ఆయన మర్యాదస్థుడే. కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించినాడు. మాకు పేపర్ కప్పులు, ఆయనకు స్టీలు గ్లాసు. ఈ కాలంలో రెండు గ్లాసుల పద్ధతికి పేపర్ కప్పు మంచి ముసుగు. "అతిథులకని తెప్పించినాం" అంటే ఏం మాట్లాడతాం?

యాంప్ గురించి ఒక్క మాట చెప్పకముందే మొదటి ప్రశ్న: "మీరు చర్చి టీమా?"

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. మన పక్క దళిత పిల్లోడి భుజాన గిటార్ కనిపిస్తే జనం రెండు మెట్లు దూకుతారు. గిటార్ అంటే చర్చి, చర్చి అంటే వాడ. కులం అడగకుండానే తెలుసుకునే దారి అది. ఇంకో మెట్టు కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచినారు, క్రైస్తవులకు తెరవలేదు. అందుకే "చర్చి టీమా?" అనే మాట వెనక "నీ సర్టిఫికెట్ ఏం చెప్తుంది?" అనే మాట కూడా ఉంటుంది. మన పిల్లోళ్లలో చాలామందికి సంగీతం నేర్పిన బడి చర్చే. వాళ్లను ఏ సంగీత కళాశాల పిలిచింది గనక? నేర్చుకున్న చోటు పేరు చెప్పడానికి కూడా భయపడే పరిస్థితి తెచ్చి, మళ్లీ "మీవాళ్లకు కళ రక్తంలోనే ఉంది" అని మెచ్చుకుంటారు.

"కాలేజీ టీమండీ" అన్నా. అది కూడా నిజమే. కానీ ఆ జవాబు చెప్పినందుకు ఇంటికొచ్చేదాకా నామీద నాకే కోపం.

తర్వాత మా ఎలక్ట్రీషియన్ పిల్లోడు పని మొదలుపెట్టినాడు. వాడు చేసింది మీకోసం రాస్తున్నా. రేపు మీ వాడలో కూడా ఒకటి కొనాల్సి వస్తుంది.

ముందు వెనక ప్లేటు చూసినాడు. 230 వోల్టులా, 110 వోల్టులా? అమెరికా చుట్టాలు తెచ్చిన యాంపులు కొన్ని 120 వోల్టులవి ఉంటాయి, మన ప్లగ్గులో పెడితే పొగే. తర్వాత ప్లగ్గు. మూడో పిన్ను, అంటే ఎర్తు, ఎవరైనా కోసేసినారా? ఎర్తు లేని యాంపుకు గిటార్ తగిలించి, తీగల మీద చెయ్యి పెట్టి మైకు ముందు పాడితే మూతికే షాక్ కొడుతుంది. మన వాడల్లో వైరింగుకు ఎర్తు ఎంతమందికి ఉందో మీకు తెలుసు, కాబట్టి ఇంటి బోర్డు కూడా చూసుకోండి.

ఆన్ చేసి, ఏమీ తగిలించకుండా విన్నాడు. సన్నగా సుయ్‌మంటే పర్వాలేదు. గట్టిగా బొంయ్‌మంటే లోపల కెపాసిటర్లు పోయినట్టు అనుమానించాల. ఒక్కో నాబ్‌ను మెల్లగా ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పినాడు. వాల్యూమ్ నాబ్ కరకరలాడింది. అది దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. కానీ బేరమాడడానికి ఆ కరకర బాగా పనికొస్తుంది. కేబుల్ గుచ్చి కొంచెం కదిలించినాడు. సౌండ్ పోయి వస్తే జాక్ దగ్గర సోల్డరింగ్ ఊడినట్టు. హెడ్‌ఫోన్ జాక్‌లో ఒక పిన్ను పెట్టి తీసినాడు. ఆ జాక్ లోపలి స్విచ్ చెడితే స్పీకర్ మూగబోతుంది, జనం స్పీకరే కాలిపోయిందనుకుంటారు. స్పీకర్ కాగితాన్ని నాలుగు వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కినాడు. గీరుకున్నట్టు తగిలితే కాయిల్ పోయినట్టు. చివరగా అరగంట ఆపకుండా వాయించమన్నాడు. ట్రాన్సిస్టర్ల జబ్బు వేడెక్కినాకే బయటపడుతుంది.

అమ్మే ఆయన ఆ అరగంటా మా పిల్లోడి చేతుల్నే చూసినాడు. మొదట్లో "ఏమప్పా" అని పిలిచినవాడు చివర్లో "బాబూ" అన్నాడు. 4,800కు తెగింది.

ఇక అసలు గొడవ ఇంటికొచ్చినాక మొదలైంది. ఫోటో పెట్టగానే మనవాళ్ల నుంచే మూడు రకాల మాటలు వచ్చినాయి.

మొదటిది: "ఆ డబ్బుతో గ్రూప్స్ పుస్తకాలు కొనొచ్చు కదా?" అన్నా, పుస్తకాలు కొందాం. కానీ ఊర్లో ఎవరి పిల్లోడైనా గిటార్ కొంటే, ఆ డబ్బుతో పుస్తకాలు కొనమని వాళ్ల నాయనకు ఎవరూ చెప్పరు. మన పిల్లోళ్ల ప్రతి రూపాయికీ ఉద్యోగం రూపంలో లెక్క చెప్పాలంటే, బతుకంతా పరీక్ష హాల్లోనే గడపాల.

రెండోది: "సాలిడ్ స్టేట్ ఎందుకు, అసలైన టోన్ ట్యూబ్‌దే." ఇది కొంచెం గిటార్ తెలిసిన తమ్ముళ్ల మాట. ట్యూబ్ యాంప్ బాగుంటుంది, కాదనను. బరువెక్కువ, ధరెక్కువ, గాజు ట్యూబులు బస్సు కుదుపుకు తట్టుకోవు, పోతే మన చుట్టుపక్కల దొరకడం కష్టం. ట్రాన్సిస్టర్ 1947లో పుట్టింది. అది వచ్చినాకే రేడియో పేదవాడి చేతిలోకొచ్చింది. మిసిసిపీలో కౌలు కూలీల ఇంట 1925లో పుట్టిన బీబీ కింగ్ చాలాకాలం సాలిడ్ స్టేట్ యాంప్ మీదనే వాయించినాడు. ఆయన బ్లూస్ నకిలీదని ఎవరైనా అంటారా? పుట్టుకను బట్టి గుణం తేల్చే జబ్బు మనకు యాంపుల విషయంలో కూడా ఎందుకబ్బా?

మూడోది అన్నిటికంటే ప్రమాదం: "పలక ఉండగా గిటార్ ఎందుకు? అది విదేశీ వాయిద్యం, మన అస్తిత్వం పలక." ఈ మాట నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఒక సెమినార్‌లో కూడా విన్నా. ఒక పెద్దాయన నా పేపర్ అయినాక ఆప్యాయంగా భుజం తట్టి, "అసలైన జానపదం మీవాళ్ల దగ్గరే మిగిలింది, గిటార్లూ గీబోర్డులూ తెచ్చి పాడుచేసుకోవద్దు" అన్నాడు.

వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. బాలుస్వామి దీక్షితార్ కాలంలో కర్ణాటక సంగీతంలోకి చేరి, ఈ రోజు అది లేని కచేరీ అరుదు. మాండలిన్ కూడా బయటిదే. పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ దాన్ని కరెంటుకు తగిలించి, యాంప్‌తో సభల్లో వాయిస్తే దేశమంతా చెవులప్పగించింది. అప్పగించాల్సిందే, ఆయన అంతటి విద్వాంసుడు. కానీ వయొలిన్‌కు, మాండలిన్‌కు దొరికిన పౌరసత్వం మన పిల్లోడి గిటార్‌కు ఎందుకు దొరకదు? స్వచ్ఛంగా ఉండే బాధ్యత మనకు మాత్రమే ఎవరు అప్పగించినారు?

పలక గురించి నాకు చెప్పొద్దు. మా తాత పలక కొట్టినాడు. శవం ముందు కొట్టినాడు, జాతరలో అమ్మవారి ముందు కొట్టి గుడి బయటే నిలబడినాడు, ఊర్లో చాటింపు వేసినాడు. చాటింపు అంటే ఏంది? శబ్దం మాది, మాట వాళ్లది. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్పినారు. ఆయనకు ఇచ్చిన గింజల్ని కళ అని రాసిన సిలబస్, వెట్టి అని ఎందుకు రాయలేదు? 1994లో ఈదుమూడిలో దండోరా మొదలైనప్పుడు ఆ పలకే తిరగబడింది. అప్పుడు శబ్దమూ మాదే, మాటా మాదే. మనం మోయాల్సిన వారసత్వం అది. పలకను పలకలాగే ఉంచి, కొట్టేవాణ్ణి వాడలోనే ఉంచే ప్రేమ మనకొద్దు.

ఇంకో సంగతి. మడ్డీ వాటర్స్ మిసిసిపీ పత్తి తోటల నుంచి 1943లో షికాగోకు పోయినాడు. అక్కడి బార్ల రొదలో మామూలు గిటార్ వినపడదు. మరుసటి ఏడే ఎలక్ట్రిక్ గిటార్ పట్టినాడు. పత్తి ఏరిన చేతులకు వినిపించాల్సిన అవసరం వచ్చింది, కరెంటు దొరికింది, సంగీతం మారిపోయింది. అంత దూరం ఎందుకు, కాట్పాడి మీదుగా అరపూట ప్రయాణంలో చెన్నై. అక్కడ పా. రంజిత్ నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు తెన్మా కలిసి కట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ 2018 జనవరి 6న మొదటిసారి వేదికెక్కింది. పఱై, గానా, గిటార్ ఒకే చోట. గిటార్ వచ్చి పఱైని చంపలేదు. వేల మంది రెండూ విన్నారు.

మన డబ్బాకు అంత శక్తి ఉందని గొప్పలు చెప్పను. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్ల పవర్ కావాల. 30 వాట్లతో పెళ్లి డీజేను ఓడించలేం. పైగా గిటార్ స్పీకరు పై స్వరాలను బాగా మోయదు. అందులో పాడితే శ, స లాంటి ఊష్మాలు మొద్దుబారతాయి. ట్రెబుల్ పెంచి, బాస్ తగ్గించి, మాట స్పష్టంగా పలకమని ఆ అమ్మాయికి చెప్పినాం. తెలుగు లెక్చరర్‌గా నా చదువు పనికొచ్చింది ఆ ఒక్క చోటే.

పోయిన ఆదివారం వాడలో, వేపచెట్టు కింద మళ్లీ అదే పాట. రాత్రి పదికి మైకులు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. అవి మన జయంతికే ఎక్కువ గుర్తొస్తాయి కాబట్టి ఎనిమిదికే ముగించినాం. మొదట పలక, దాని మీద గిటార్, పలక తగ్గినాక గొంతు. ఈసారి నేను కావాలనే చివరి వరసలో, వాళ్లమ్మ పక్కన కూర్చున్నా. మామిడి జీడికి వేళ్లు కాలిన చోట పాటలో వచ్చేసరికి ఆమె తన చేతులు చూసుకుంది. నాతో ఏమీ అనలేదు. పాట అయినాక, "ఇదంతా అది ఎప్పుడు చూసిందో" అంది.

ఆరో వరసకు చేరడానికి ఆ పాటకు నాలుగు నెలలు, 4,800 రూపాయలు పట్టింది.

లెక్క పూర్తిగా చెప్తున్నా, దాచేదేం లేదు. యాంప్ 4,800, కాంటాక్ట్ క్లీనర్ 250, మైకు కేబుల్ 350, గిటార్‌కు అతికించే పికప్ 400. మిగిలిన 200 రూపాయలు రైలు టికెట్లకు, టీలకు.

ఇప్పుడు అది వాడలోనే ఒక ఇంట్లో ఉంది. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టినాం. చుట్టుపక్కల ఏ వాడవాళ్లయినా పేరు, తేదీ రాసి తీసుకుపోవచ్చు. బాడుగ లేదు, అడ్వాన్సు లేదు, "మిషను రిపేరు" అనే మాట లేదు. నిజంగా రిపేరైతే మా ఎలక్ట్రీషియన్ పిల్లోడున్నాడు. ఒక్కటే షరతు: చెడిపోతే చెప్పి తిరిగివ్వాల.

మీ మండలంలో కూడా ఇట్లాంటి డబ్బా ఒకటి ఉండాల. పాతదైనా, చిన్నదైనా, గీతలు పడినదైనా సరే. మన జయంతి మన ఇంట్లో ఉన్న మిషనుతో మోగాల. వాల్యూమ్ నాబ్ మీద ఉండే చెయ్యి మనదై ఉండాల.

వచ్చే వారం సిలబస్ సంగతి తప్పకుండా. మీ వాడలో మైకు ఇవ్వని కథలుంటే రాయండి. పేర్లు వద్దు, కథ చాలు.

జై భీమ్.