మన ఊరి పేజీలో మనం ఎక్కడ?

తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేరు వెతకండి. చాలావరకు దొరుకుతుంది. మండల కేంద్రం నుంచి దూరం, ఇళ్ల సంఖ్య, బడి, బ్యాంకు, సాగునీటి వసతి అన్నీ 2011 జనగణన లెక్కల ప్రకారం వరుసగా ఉంటాయి. షెడ్యూల్డ్ కులాల జనాభా ఎంతో కూడా ఒక వాక్యం చెబుతుంది. ఆ అంకె దగ్గరే మన కథ ఆగిపోతుంది. ఆ మనుషులు ఊరికి ఏ దిక్కున ఉంటారు, వాళ్ల చేతిలో ఎంత భూమి ఉంది, చెరువు నీళ్ల కోసం ఎవరు కొట్లాడారు, వాడలో తొలిసారి డిగ్రీ చదివిన అమ్మాయి ఎవరు అన్నవి చాలా పేజీల్లో కనిపించవు.

వికీపీడియాను రాసేది జీతం లేని వాలంటీర్లు. రాసేవాళ్లు లేని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పూరించగలవాళ్లు ఇవాళ మన డిగ్రీ, పీజీ తరగతుల్లో కూర్చుని నోట్సు దించుకుంటున్నారు. సెమిస్టర్‌లో వాళ్లు రాసే అసైన్‌మెంట్లను లెక్చరర్ ఒక్కరే చదువుతారు, ఒక్కోసారి వారూ చదవరు. మార్కులు పడ్డాక ఆ కాగితాలు తూకానికి పోతాయి. ఆ శ్రమను బ్లాగులకూ వికీలకూ మళ్లించాలన్నది మా వాదన.

సొంతంగా ప్రచురించుకోవడం మనకు కొత్త కాదు. 1936లో లాహోర్‌లోని జాత్‌పాత్ తోడక్ మండల్ అంబేడ్కర్ అధ్యక్షోపన్యాసాన్ని ముందే చూసి, మార్పులు కోరి, ఆయన ఒప్పుకోకపోవడంతో సభనే రద్దు చేసుకుంది. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చువేశారు. 1937 నాటి రెండో ముద్రణలో గాంధీ విమర్శనూ, దానికి తన జవాబునూ కలిపి వేశారు. ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా ప్రచురించుకునే వీలును నేడు బ్లాగు ఇస్తుంది. వాదం, ప్రతివాదం, జవాబు ఒకేచోట పాఠకుల ముందుంచే పని వికీలోని ‘చర్చ’ పేజీ చేస్తుంది.

వికీలో మరో పేజీ ఉంది: ‘చరిత్ర’. ఏ వాక్యాన్ని ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు చేర్చారో, తీసేశారో అందులో నమోదవుతుంది. మన గ్రూప్ ప్రాజెక్టుల్లో జరిగేది అందరికీ తెలుసు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు లీడర్లవుతారు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు ప్రెజెంటేషన్ ఇస్తారు, సమాచారం సేకరించి తెచ్చిన హాస్టల్ విద్యార్థి పేరు చివరన చేరుతుంది. చరిత్ర పేజీ ముందు ఆ మోసం సాగదు. పైగా వికీపీడియాలో ఇంటిపేరు చెప్పుకోనక్కర్లేదు, ఏదో ఒక వాడుకరి పేరు చాలు. మన రాతను తప్పుబట్టేవాళ్లు మన కులాన్ని కాదు, మూలాన్ని అడగాలి.

అయితే పనిముట్టు చేతికిస్తేనే చదువు మారిపోదు. 2011లో పుణెలోని కొన్ని కళాశాలల్లో ఇంగ్లీషు వికీపీడియాలో రాయడాన్ని కోర్సు పనిగా పెట్టారు. చాలామంది విద్యార్థులు పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి పేరాలకు పేరాలు తెచ్చి అతికించారు. ఆ కాపీలను ఏరి తొలగించలేక వాలంటీర్లు సతమతమయ్యారు. చివరికి ఆ కార్యక్రమాన్నే ఆపేయాల్సి వచ్చింది. ఆ తప్పును విద్యార్థుల మీదే వేయడం అన్యాయం. దించుకోవడమే చదువని చిన్నప్పటి నుంచీ నేర్పి, ఒక్కరోజులో సొంతంగా రాయమంటే ఎలా వస్తుంది? ఇప్పుడు ఏఐ చేత రాయించి అతికించడమూ తోడైంది. చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పడం, మూలం పేర్కొనడం ముందు నేర్పాలి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. వికీపీడియాలో స్వీయ పరిశోధనకు చోటు లేదు. అచ్చయిన, నమ్మదగిన ఆధారం కావాలి. నియమం మంచిదే. కానీ అక్షరానికి శతాబ్దాలపాటు దూరంగా ఉంచిన జనం దగ్గర అచ్చు ఆధారం ఎంత ఉంటుంది? కారంచేడు, చుండూరు పేర్లు చెరిగిపోకుండా నిలిచాయంటే, ఉద్యమం వాటిని కరపత్రాల్లో, నివేదికల్లో, పుస్తకాల్లో రాసిపెట్టింది కాబట్టి. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చింది. చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ఎవరికీ కనబడని రాతలు, పుస్తకమయ్యాక ఆధారమయ్యాయి.

తరగతి గది చేయాల్సిన పనీ ఇదే. అమ్మమ్మ చెప్పిన వెట్టి రోజుల కథ వికీపీడియాలో ఇమడదు. దాన్ని తరగతి బ్లాగులో, చెప్పినవారి అనుమతితో, తేదీతో, వారి మాటల్లోనే పెట్టాలి. అలాంటి కథనాలను అధ్యాపకులు పరిశీలించి, పరిష్కరించి, పత్రికల్లో, పుస్తకాల్లో అచ్చువేయించాలి. తర్వాతి బ్యాచ్ దాన్ని మూలంగా చూపి వికీలో రాయగలుగుతుంది. ఈలోగా పాత పత్రికలు, గెజిటీర్లు, కోర్టు తీర్పులు, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల్లో ఇప్పటికే ఉన్న సమాచారాన్ని వెలికితీయవచ్చు. ఒక్క హద్దు మాత్రం దాటకూడదు. అట్రాసిటీ కేసుల్లో సాక్షుల పేర్లు, బాధిత మహిళల ఆనవాళ్లు విద్యార్థి బ్లాగులోకి ఎక్కకూడదు. మార్కుల కోసం రాసిన పేరా ఒకరి ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి విశ్వవిద్యాలయాలను మేం అడిగేవి కొన్నే. ఈ పనిని ఇంటికిచ్చే హోంవర్క్‌గా కాక, టైంటేబుల్‌లో ల్యాబ్ గంటలుగా పెట్టండి. హాస్టల్ విద్యార్థి చేతిలో చాలాసార్లు ఉండేది ఫోనే, డేటా అయిపోతే అదీ పనికిరాదు. తెలుగులో రాసినదానికీ ఇంగ్లీషులో రాసినదానితో సమానంగా మార్కులివ్వండి. వ్యాసం పొడవుకు కాక, చూపిన మూలాలకూ, చర్చలో ఇచ్చిన జవాబులకూ విలువ కట్టండి. అన్నింటికన్నా ముందు, పాఠం చెప్పే అధ్యాపకులు తామే ఒక వ్యాసం రాసి, ఆ కష్టమేమిటో తెలుసుకోండి.

విద్యార్థులు మాత్రం అంతవరకూ ఆగనక్కర్లేదు. ‘ప్రయోగశాల’ పేజీ తెరిచి ఈ రాత్రికే సాధన మొదలుపెట్టవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లేలోగా మీ ఊరి పేజీలో, ఆ జనాభా అంకె పక్కన, మూలంతో సహా ఒక్క వాక్యం చేర్చండి. ఎవరైనా తొలగిస్తే చర్చ పేజీలో కారణం అడగండి. చరిత్ర పేజీలో ఆ వాక్యమూ ఉంటుంది, దాన్ని తీసేసిన చేయీ ఉంటుంది.