శోకమునకు ఉన్మాదము కొలమానము కాదు

మన చలనచిత్రములలో బిడ్డను గోల్పోయిన తల్లి ఎట్లు కనిపించునో ప్రేక్షకుడు ముందుగనే ఎరుగును. వార్త విన్నంతనే చేతిలోని పళ్లెము జారిపడును, క్షణకాలము నిశ్శబ్దము, తరువాత ఒక కేక, ఆపైన, కథకు అవసరమైనచో, నవ్వు. ఆ నవ్వుతో ఆమెకు మతి తప్పినదని మనకు తెలియును. అటుపిమ్మట విరబోసికొన్న జుట్టుతో, చిరిగిన చీరతో, ఒడిలో ఒక బొమ్మనో దిండునో పెట్టుకొని జోలపాడుచు కథ చివరివరకు ఆమె ఒక మూల కూర్చుండియుండును. కథానాయకుడు పగ తీర్చుకొని వచ్చి ఆమె పాదములపై వ్రాలినతోడనే ఆమెకు స్మృతి మరలును. ఈ దృశ్యములను రచించినవారిని గాని, నటించినవారిని గాని నిందించుట నా ఉద్దేశము కాదు. వారిలో మహానటులు కలరు. ఐనను ఈ పద్ధతి వెనుక శోకమునకు పరాకాష్ఠ ఉన్మాదమనియు, పిచ్చి పట్టించునంతటి ప్రేమయే నిజమైన ప్రేమయనియు ఒక భావన దాగియున్నది. ఈ భావన అసత్యము. దానివలన బిడ్డను గోల్పోయియు బుద్ధి చెదరక దినములు గడుపుచున్నవారికి ఒక అన్యాయమును, ఏ శోకమును లేకయే మనోవ్యాధికి లోనైనవారికి మరియొక అన్యాయమును జరుగుచున్నవి.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. భరతముని నాట్యశాస్త్రమున 33 వ్యభిచారిభావములను పేర్కొనుచు అందు ఉన్మాదమునకును స్థానమిచ్చెను. నిష్కారణముగ నవ్వుట, ఏడ్చుట, అసంబద్ధముగ పలుకుట, ఒడలికి బూడిదయు దుమ్మును పూసికొనుట, వాడిన నిర్మాల్యమును కుండపెంకులను అలంకారములుగ ధరించుట మొదలగువానిని దానికి అనుభావములుగ విధించెను. దీపపు వెలుతురున, దూరముగ కూర్చున్న ప్రేక్షకునకు పాత్ర మనఃస్థితి తెలియవలెనన్న నటునకు ఇంతటి స్థూలమైన చిహ్నములు అవసరమే. కాని కనురెప్ప వణకును సైతము తెరనిండుగ చూపగల కెమెరా చేతికి వచ్చిన పిదప కూడ మనము ఆ బూడిదను, ఆ చినిగిన గుడ్డలను విడువలేదు. అంతకంటె విచారకరమైన సంగతి మరొకటి కలదు. భరతుడు ఉన్మాదమునకు ఇష్టజనవియోగమును, సంపద నశించుటను మాత్రమే గాక, దెబ్బ తగులుటను, వాతపిత్తశ్లేష్మముల ప్రకోపమును కూడ కారణములుగ చెప్పెను. మనసు చెదరుటకు శరీరమును హేతువు కావచ్చునని ఆ ప్రాచీనుడు ఎరుగును. మన కథారచయితలు మొదటి కారణమును మాత్రము పట్టుకొని తక్కినవానిని వదలివేసిరి. అందుచేతనే మన తెరపై ప్రతి మతిభ్రష్టుని వెనుకను ఒక చితియో, ఒక అత్యాచారమో, ఒక విఫలప్రేమయో ఉండితీరవలయును. ఆ కారణము బయటపడిన మరుక్షణమున వ్యాధి నయము కావలయును.

తెలుగువారికి పుత్రశోకమును రంగస్థలముపై చూచుట క్రొత్త కాదు. రామునికై దశరథుడు ప్రాణము విడుచుట, అశ్వత్థామ మరణించెనన్న మాట చెవిని పడగానే ద్రోణుడు అస్త్రములను పారవైచుట మన పెద్దలు కన్నీరు పెట్టుకొనుచు వినిన ఘట్టములే. ఐనను ఈ విషయమున మనకు నిజమైన పాఠశాల హరిశ్చంద్ర నాటకమునందలి కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకము ఊరూర ఆడిన కాలమున జనము రాత్రి పొద్దుపోవువరకు మేల్కొని వేచియుండినది ఆ ఘట్టము కొరకే. పాముకాటున మరణించిన లోహితాస్యుని చంద్రమతి ఒంటరిగ శ్మశానమునకు తెచ్చును. సుంకము చెల్లింపనిదే దహనము సాగదని కాటికాపరి అనును. ఆ కాపరి ఆమె భర్తయే; ఆ శవము అతని కుమారునిదే. చంద్రమతి విలపించును గాని మతి పోగొట్టుకొనదు; అందుకు ఆమెకు తీరిక ఎక్కడిది? బిడ్డకు నిప్పు పెట్టవలయును. చేత దమ్మిడీ లేదు. ఎదుట నిలిచినవాడు కదలనీయడు. ఆ శోకమెంత లోతైనదో ఆమె ఏడుపు కంటె ఎక్కువగా ఆ సుంకపు తగవు మనకు తెలుపును. దుఃఖితునకు తప్పనిసరియైన పని ఒకటి అప్పగించి, ఆ పనిలో తలమునుకలై యుండగా అతనిని మనకు చూపుట నాటకకర్త నేర్పు. పద్యములు ఎంతగా అలరించినను, ఆ ఘట్టము నిలిచినది ఈ నేర్పు మీదనే యని నా నమ్మకము.

1984లో మహేశ్ భట్ తీసిన హిందీ చిత్రము ‘సారాంశ్’ చూచినప్పుడు నాకు ఆ కాటిసీనే జ్ఞప్తికి వచ్చెను. బొంబాయిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఏకైకపుత్రుడు న్యూయార్కు నగరమున దుండగుల చేత హతుడగును. కుమారుని అస్థికలను విడిపించుకొనుటకు ఆ వృద్ధుడు కస్టమ్స్ కార్యాలయమునకు పోయి, అక్కడి అధికారి ఎదుట నిలువవలసివచ్చును. కొడుకు బూడిదకును తండ్రికిని నడుమ ఒక కార్యాలయపు బల్ల. ఆ బల్లముందు అతని ఓర్పు తెగినప్పుడు ప్రేక్షకుని కంఠము బిగుసుకొనును. అప్పటికి 28 ఏండ్ల యువకుడైన అనుపమ్ ఖేర్ ఆ పాత్రను ధరించెనన్న సంగతి సైతము మరపునకు వచ్చును. భార్య పార్వతి, రోహిణీ హట్టంగడి ధరించిన పాత్ర, తమ ఇంట అద్దెకున్న యువతి గర్భమున తన కొడుకే మరల పుట్టనున్నాడని నమ్మును. అది మతిభ్రమయా, విశ్వాసమా, బ్రతుకుటకు చిక్కిన ఊతయా? దర్శకుడు తీర్పు చెప్పడు. జుట్టు విరబోసి ఆమెను ఒక మూల కూర్చుండబెట్టడు. కన్నవారి దుఃఖమును ఇంతటి మర్యాదతో చూచిన చిత్రములు మన దేశమున అరుదు.

మలయాళమున షాజీ ఎన్. కరుణ్ తొలి కథాచిత్రము ‘పిఱవి’ ఇంకను దూరము పోయినది. అత్యయిక పరిస్థితి కాలమున, 1976లో, కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకొనిపోయిరి. తండ్రి ఈచర వారియర్ కేరళ హైకోర్టున హెబియస్ కార్పస్ పిటిషను వేయగా, 1977లో ముఖ్యమంత్రి కరుణాకరన్ పదవి వదలుకొనవలసివచ్చెను గాని, కొడుకు దేహము మాత్రము ఆ తండ్రికి దక్కలేదు. ఆ ఉదంతము నీడన పుట్టిన ఈ చిత్రమున రాఘవ చాక్యార్ అను వృద్ధుడు, సోదరి నిశ్చితార్థమునకు రావలసిన కొడుకు కొరకు, దినదినము పడవపై ఏరు దాటి బస్సు ఆగుచోటికి పోయి, చివరి బస్సు వెళ్లిపోవువరకు నిలిచి మరలివచ్చుచుండును. ఎనిమిది పదుల వయసున ప్రేమ్‌జీ ఈ పాత్ర ధరించి జాతీయ ఉత్తమనటుడాయెను. అతని మతి ఏ దినమున చెదరినదో మనము చెప్పలేము. మొదట ఆ నిరీక్షణ వాత్సల్యము, పోనుపోను ఆందోళన, తుదకు కొడుకు దాపుననే ఉన్నట్లు అతడు మెలగును. కేక లేదు, నవ్వు లేదు, పళ్లెము జారిపడుట లేదు. మన ఇండ్లలోనికి మనోవ్యాధి ప్రవేశించునది ఈ తీరుననే కదా! నిన్నటికి నేటికి భేదము తెలియనీయక, ఇంటివారే నెలల తరబడి “ఏదో పరధ్యానములే” అని సర్దిచెప్పుకొనునట్లు అది వచ్చును. శవము దొరకని చావు కనుక, దినవారములు జరిపి దుఃఖమునకు ఒక హద్దు గీచుకొను అవకాశము సైతము ఆ తండ్రికి లేకపోయెను.

1980లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ దర్శకత్వమున వచ్చి, ఉత్తమచిత్రముతో సహా 4 ఆస్కారు బహుమతులు గెలుచుకొన్న అమెరికా చిత్రము ‘ఆర్డినరీ పీపుల్’ మన ప్రేక్షకునకు మొదట మింగుడుపడదు. ఏలయన అందలి తల్లి ఏడువదు. పెద్దకొడుకు పడవ ప్రమాదమున మునిగి చనిపోయినాడు. అదే పడవలో ఉండి బ్రతికి బయటపడిన చిన్నకొడుకు ఆత్మహత్యకు యత్నించి, మానసిక చికిత్సాలయమున నెలల తరబడి ఉండి ఇల్లు చేరినాడు. ఒకనాటి ఉదయమున తల్లి అతనికి ఇష్టమైన ఫ్రెంచి టోస్టు చేసి ఎదుట పెట్టును. ఆకలి లేదని అతడనును. భర్త వారించుచున్నను వినక, ఆమె వెంటనే పళ్లెము తీసికొని, అందున్నదానిని వంటింటి తొట్టిలో పారవైచును. ఇంతే. తినని కొడుకును బుజ్జగించుటకు, “ఒక్క ముద్ద తినరా నాన్నా” అనుటకు, ఆ తల్లికి చేతగాని స్థితి ఆ ఒక్క చేష్టలో మనకు తెలిసిపోవును. మేరీ టైలర్ మూర్ ధరించిన ఆ తల్లిని రాక్షసి యనుకొన్నవారు చిత్రమును సరిగా చూడలేదు. ఆమెదియు శోకమే, బయటికి దారి దొరకని శోకము. కొడుకు రోగమును తల్లి దుఃఖమును ఒకే ప్రమాదము నుండి పుట్టినను, ఆ రెండును ఒకటి కావని, ఒకదానికి చేయు చికిత్స రెండవదానికి పనికిరాదని ఆ చిత్రము గుర్తించినది. వైద్యుడు ఏ అద్భుతమును చేయడు. ఎదుట కూర్చుని వినును, అడుగును, మరల రమ్మనును.

ఇంత చెప్పిన పిదప ఇటీవలి చిత్రమొకటి నాకు కలిగించిన అసంతృప్తిని దాచుకొనుట సరికాదు. ఫ్లోరియన్ జెల్లెర్ తన ఫ్రెంచి నాటకమునే ఆంగ్లమున తెరకెక్కించిన ‘ది సన్’ 2022లో వచ్చినది. తీవ్ర విషాదరోగమునకు లోనైన బాలుడు, విడాకులు పొందిన తల్లిదండ్రులు అందలి కథ. బాలుని అప్పుడే ఇంటికి తీసికొనిపోవలదని వైద్యులు చెప్పుటయు, ఇంటికి పోదమని అతడు కాళ్లావేళ్లా పడుటయు, వైద్యుల మాటకును కొడుకు కన్నీటికిని నడుమ కన్నవారు నలిగిపోవుటయు చూపిన ఆసుపత్రి ఘట్టము ఉత్తమమైనది. ఎందరో తల్లిదండ్రులు నిజముగ అనుభవించినది. కాని అతని మరణమునకు సాధనమగు వస్తువును మనకు చాల ముందుగనే చూపి పెట్టి, అది ఎప్పుడు ఉపయోగపడునా యని ప్రేక్షకుని కుర్చీ అంచున కూర్చుండబెట్టుట నేరపరిశోధన కథకు తగిన ఎత్తు. రోగిష్ఠి బిడ్డ కథకు తగదు. ఆ బాలుడు ఏమి తలపోయునో, నిదుర పట్టని రాత్రి అతనికి ఎట్లు గడచునో మనకు తెలియదు. తండ్రి అపరాధభావమునకు అతడొక నిమిత్తమాత్రుడై పోయినాడు.

అపరాధమన్న మాట వచ్చినది గనుక చెప్పవలయును. బిడ్డ మనసు చెదరినచో తల్లి పెంపకమును నిందించుట మన అరుగులమీది వాడుక మాత్రమే కాదు. ఒకప్పుడు వైద్యశాస్త్రమే ఆ పని చేసినది. 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైక్‌మన్ అను విదుషి, స్కిజోఫ్రీనియాకు తల్లి స్వభావమే కారణమను అర్థమిచ్చు పదమొకటి వాడుకలోనికి తెచ్చెను. చాలకాలము పాశ్చాత్య దేశములలో రోగి తల్లి వైద్యుని గదిలోనికి ముద్దాయివలె తలవంచుకొని పోవలసివచ్చినది. ఆ సిద్ధాంతమునకు ఆధారము లేదని శాస్త్రము దానిని విడిచిపెట్టినది. సినిమా మాత్రము విడిచిపెట్టలేదు. హిచ్‌కాక్ ‘సైకో’ వచ్చిన 1960 నుండి నేటివరకు హంతకుని వెనుక ఒక క్రూరమాతను నిలుపు ఆచారము సాగుచునేయున్నది.

మన తెరకు అసలే కానరాని దుఃఖము వేరొకటి కలదు. అది బిడ్డ చనిపోయిన తల్లిది కాదు. బిడ్డ కండ్లయెదుట సజీవముగ ఉండియు మునుపటి బిడ్డ కాకుండ పోయిన తల్లిది. ఆ దుఃఖమునకు కర్మకాండ లేదు, పరామర్శకు వచ్చు బంధువులు లేరు. చినవాల్తేరు మానసిక చికిత్సాలయమున గాని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమున గాని ఓపీ చీటీల వరుసను ఒక ఉదయము చూచిన చాలును. చీటీలన్నిటిని పాలిథిన్ సంచిలో చుట్టి చంకను పెట్టుకొన్న తల్లి. పక్కన నేలచూపులు చూచుచు పాతికేండ్ల కొడుకు. అతడు మాత్ర మ్రింగెనా, నాలుక క్రింద దాచెనా యని ఆమె ప్రతిరాత్రియు నోరు తెరచి చూపుమనవలయును. లిథియం మాత్ర వాడువారికి రక్తమున ఆ మందు పాలు ఎంతయున్నదో తరచుగ పరీక్షింపవలయును గనుక, ఆ దినమునకు కూలి మానుకొని తీసికొని రావలయును. చుట్టములు అడిగినచో “మావాడు ఉద్యోగము వెదకుకొనుచున్నాడు” అని చెప్పవలయును. చెల్లెలి పెండ్లిచూపులనాడు వానిని ఏ అత్తగారింటికో పంపవలయును. తన తదనంతరము వీనికి దిక్కెవరన్నది ఆమె ఎవరినీ అడుగలేని ప్రశ్న. నిమ్హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ సర్వేక్షణమున వయోజనులలో 10.6 శాతము మంది ఏదో యొక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. వారిలో అత్యధికులకు చికిత్స అందుటలేదనియు తేలినది. ఇంతమంది ఉన్న దేశమున వారి తల్లి పాత్ర తెరపై లేదు. ‘ఎర్రగడ్డ’ యన్న మాట మాత్రము హాస్యనటుని నోట నేటికిని వినబడుచునేయున్నది. మనోవికలురను పరిహసించు దృశ్యములను అరికట్టవలెనని చిత్రముల ధ్రువీకరణ మార్గదర్శకములలోనే కలదు. మత్తుమందు ఈయకుండ విద్యుచ్చికిత్స చేయుటను, రోగిని గొలుసులతో కట్టుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. తెరపై మాత్రము రోగి మెలకువతో అరచుచుండగనే కరెంటు పెట్టుచున్నారు. ఆ దృశ్యము చూచి బెదరి, మేలు చేయగల చికిత్సను వలదని బిడ్డను ఇంటికి కొనిపోవు కుటుంబములకు ఎవరు జవాబుదారి?

మనకు చేతగాక కాదు. 1960లోనే సావిత్రి ‘చివరకు మిగిలేది’ చిత్రమున మానసిక చికిత్సాలయపు నర్సు పాత్ర ధరించి, ఇతరుల రోగమును మోసి మోసి తానే తూలిపోవు మనిషిని మనకు చూపినది. అశుతోష్ ముఖోపాధ్యాయ వ్రాసిన బెంగాలీ కథ అది; దానినే బెంగాలీలో సుచిత్రా సేన్, తరువాత హిందీలో వహీదా రెహ్మాన్ అభినయించిరి. రోగి చుట్టునున్నవారి దిక్కునకు కెమెరాను త్రిప్పుట అంత ముందుగ తెలిసిన మనవారు, ఆస్పత్రి గేటు దాటి ఆ రోగి ఇంటివరకు పోలేదు.

ఇట్టి కథలకు టిక్కెట్లు తెగవని నిర్మాతలు చెప్పుదురు. 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’ చిత్రమున అమెరికా నుండి వచ్చిన పిల్ల తన తండ్రి మరణమును తాతకు, నానమ్మకు తెలియనీయక గుండెలో దాచుకొని తిరుగుచుండగా చూచి పండితపామరులు కంట తడిపెట్టిరి. అక్కినేని ధరించిన, కొడుకును గోల్పోయిన ఆ తాత పాత్రకు ఉన్మాదపు నవ్వు అవసరము కాలేదు. 1993లో ‘మాతృదేవోభవ’ తల్లి, చావు దగ్గరపడుచుండగా బిడ్డలను ఒక్కొక్కరినే పరాయి ఇండ్లకు అప్పగించుచుండగా చూచుటకు ఆడువారు పిల్లాపాపలతో హాలుకు పోయిరి. అందలి పాటకు వేటూరికి జాతీయ బహుమతియు వచ్చినది. ఆ తల్లికిని ఒక పని ఉన్నది, చంద్రమతికి ఉన్నట్లే. కనుకనే జనము చూచిరి. నాడు ఆ హాళ్లలో కూర్చున్నవారిలో, ఇంట మంచముక్రింద కొడుకు మందులపెట్టె దాచి వచ్చిన తల్లులును ఉండకపోరు. వారు టిక్కెట్టు కొని చూచినది వేరొకరి కథనే. తమ కథ తెరపైకి ఇంతవరకు రానేలేదు.