మన నినాదంలో మొదటి మాట జల్ కదా!



మేం అక్కాతమ్ముళ్ళం ఇద్దరం కలిసి రాస్తున్న పోస్టు ఇది. మాది శబరి ఒడ్డు, కూనవరానికి ఎగువన. ఇప్పుడు ఇద్దరం హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాకు బడి కంటే ముందు ఏరే బడి. పంతులు మా అయ్య. ఎండాకాలం తెల్లారకముందే లేపి తీసుకుపోయేవాడు. ఎర్రలు తవ్వే పని మాది, గాలం కట్టే పని ఆయనది. "మీ నీడ నీళ్ళ మీద పడనీకండి, మీకంటే ముందు చేపే మిమ్మల్ని చూస్తది" అనేవాడు. బెండు ఊగితే లాగొద్దు, మునిగితేనే లాగాలి. జెల్ల పడితే ముల్లు గుచ్చుకోకుండా ఎట్ట పట్టుకోవాలి, ఏ బండ కింద మడుగు ఎంత లోతు, గోదావరి పొంగి శబరిని వెనక్కి తన్నినప్పుడు చేప ఏ వాగులోకి ఎక్కుతది, ఇవన్నీ నోటితోనే నేర్పాడు. తొలకరికి గుడ్డుతో ఉన్న చేప వాగులకు ఎదురెక్కుతది. అప్పుడు ఎవరన్నా వల తీస్తే తిట్టేవాడు. పడ్డ చేపల్లో మొదటిది మా వాడలో ఒంటరిగా ఉండే అవ్వకి ఇచ్చాకే మా ఇంటికి వచ్చేది.

రెండేళ్ళ కింద ముంపు లెక్కలు రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. ఇల్లు కొలిచాడు. చింతచెట్టు, మామిడిచెట్టు లెక్కేశాడు. అయ్య మెల్లగా "మరి ఏరో సారూ?" అన్నాడు. "ఏరు నీదా?" అని నవ్వి ఆయన కాగితాలు మడిచాడు. అయ్య ఇంక మాట్లాడలేదు. పక్కనే ఉన్న మేమూ మాట్లాడలేదు. ఇంత చదువుకుని నోరు మెదపలేకపోయాం. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాం.

జల్, జంగల్, జమీన్ అని గొంతు చించుకుంటాం. అందులో మొదటి మాట జల్. కానీ మనం పెట్టే అర్జీలు చూడండి. పోడు పట్టా, భూమికి భూమి, ఇల్లు, ప్యాకేజీ. అవన్నీ కావాల్సిందే, కాదనం. ఏరు మాత్రం ఎక్కడా ఉండదు. 41.15 కాంటూరు, 45.72 కాంటూరు అని మన ఊళ్ళల్లో చిన్నపిల్లలు కూడా చెప్తున్నారు. ఆ గీతల కింద మునిగే మడుగుల పేర్లు మనలో ఎంతమందికి వచ్చు?

నిజానికి చట్టంలో ఏరు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కుని గుర్తిస్తుంది. ఆ క్లెయిమ్ గ్రామసభకి పెట్టే ఫారం బి లో దానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. రుజువు ఏదంటారా? క్లెయిమ్ పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పింది రాసి ఇచ్చినా రుజువే అని నిబంధనల్లో ఉంది. అంటే మన అయ్యలు, తాతలు నోటితో చెప్పేది కాగితం మీద పెడితే చెల్లుతుంది.

2013 భూసేకరణ చట్టం ఇంకో మాట చెప్తుంది. ప్రాజెక్టు ముంపు ప్రాంతంలో చేపల హక్కు ఉన్న ఎస్టీలకు ఆ జలాశయంలో కూడా చేపలు పట్టే హక్కు ఇవ్వాలి. ఇక్కడ "హక్కు ఉన్న" అనే మాట గమనించండి. ఉందని ఇప్పుడు రాయించుకోకపోతే రేపు ఏం చూపిస్తాం?

ఊరే పోతుంటే చేపల గోలేంటి అని కొందరు అన్నలు అంటారు. మాకు కోపం లేదు. కానీ ఊరు పోతే ఇంకో ఊరు కడతామంటున్నారు, ఏరుని ఎవరూ కట్టివ్వలేరు. ఏటికి దూరంగా వేసిన కాలనీలో చేప కావాలంటే కొనుక్కోవాల్సిందే. కొనడానికి కూలి దొరకాలి. డబ్బు లేని రోజు కూడా మన ఇళ్ళల్లో కూర ఉడికిందంటే ఏటి వల్లే కదా.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. బ్లీచింగ్ కలిపేదీ, తోటాలు పేల్చేదీ అన్నిచోట్లా బయటోళ్ళే కాదు. మన కుర్రాళ్ళూ ఉన్నారు. పిల్లచేపతో సహా చంపేసి ఏరు మాది అంటే ఎవరు నమ్ముతారు?

అందుకే ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. అయ్యతోనో, తాతతోనో, గాలం వేసే అమ్మతోనో ఏటికి పోదాం. మడుగుల పేర్లు, చేపల పేర్లు, ఏ నెలలో ఎక్కడ పడతారో రాసుకుందాం. గ్రామసభలో చదివి, తీర్మానం చేయించి, ఫారం బి కి జతచేద్దాం. మేం మా నోట్‌బుక్కు మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు మడుగుల పేర్లు వచ్చాయి. అయ్య ఫోన్లో ఇంకా ఉన్నాయి అంటున్నాడు. మీ ఊరివి ఎన్నో కింద రాయండి.

జోహార్.