మోటారు సైకిలు సీటును గూర్చి రైతు సోదరులకు

మోటారు సైకిలు నేడు మన గ్రామములలో సోకు వస్తువు కాదు. నాగలి యెట్టిదో, మందు కొట్టు పంపు ఎట్టిదో అదియు నట్టి పనిముట్టే. తెల్లవారకమునుపు పాలక్యానులు తగిలించుకొని పోవుటకు అదే. కూరగాయల మూటలతో సికింద్రాబాదున బోయినపల్లి మార్కెట్టు చేరుటకు అదే. సంఘము గోదామునుండి యూరియా బస్తా తెచ్చుటకు అదే. జ్వరము వచ్చిన పిల్లవానిని ఆసుపత్రికి చేర్చుటకు అదే. వృత్తిరీత్యా నేనును దినమునకు నాలుగైదు గ్రామములు దానిపైననే తిరుగువాడను. అట్టి పనిముట్టులో మనుష్యుని బరువు మోయు భాగము సీటు. దానియందు మనము చూపునంత నిర్లక్ష్యము బండిలోని మరి యే భాగమునందును చూపుట లేదని నా యభిప్రాయము.

ఇంజిను నూనె నల్లబడినచో మార్పింతుము. గొలుసు వదులైనచో బిగింతుము. సీటు చినిగినచో మాత్రము గోనెసంచి కప్పి, దానిపై తువాలు మడచి వేసికొని, మరి రెండేండ్లు గడుపుదుము. నడుము పట్టినప్పుడు నాట్లవలన పట్టినదనియో, వయసుచేత పట్టినదనియో చెప్పుకొందుము. నొప్పి బిళ్లలకును తైలములకును అయిన సొమ్మును ఎవరును లెక్క వేయరు. సీటు మార్పించుకొనవయ్యా యన్నచో, "ఈ వయసున నాకు సోకులెందుకండీ" అని నవ్వుదురు. ఎద్దు మెడ ఒరసికొనిపోకుండ కాడికి గుడ్డ చుట్టిన తాతలకు మనుమలము మనము. మెడ పుండైన ఎద్దును అరకకు కట్టుట పాపమే గాక నష్టమనియు వారెరుగుదురు. మోటారు బండి విషయమున ఎద్దు స్థానమున నున్నది మనమే. కాడి మాత్రము మన క్రింద నున్నది.

సీటు మార్పదలచినవారు సైతము సామాన్యముగా ఒక భ్రమలో పడుచున్నారు. దుకాణములో బొటనవ్రేలితో నొక్కి చూచి, ఏది ఎక్కువ మెత్తగా దిగునో దానినే మంచిదని కొనుచున్నారు. పూర్వము ఎడ్లబండిలో దూరప్రయాణము చేసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. బండి కట్టినప్పుడు పరచిన వరిగడ్డి పట్టుపరుపువలె నుండును. రెండు క్రోసులు పోవునప్పటికి గడ్డి అణగి, పలక తగులుచుండును. మెత్తని స్పాంజియు నిట్టిదే. అయిదు నిమిషములు హాయిగా నుండి, అరగంటకు అడుగంట నణగి, క్రిందనున్న గట్టి పళ్లెమును ఎముకలకు తగిలించును.

ఎముకలని ఏల యంటిననగా, కూర్చుండిన మనుష్యుని భారము పిరుదుల కండపై కాక, ఆ కండలోపలనున్న రెండు ఎముకల మొనలపై పడును. ఆ రెండింటికిని నడుమ ఎడము సుమారు నాలుగైదు అంగుళములు. ఆడువారికి కొంచెము ఎక్కువ. ఆ రెండు మొనలును నిలుచుటకు చాలినంత వెడల్పును, చదునైన పైభాగమును సీటునకు ఉండవలెను. సీటు ఇరుకై గుర్రపు వీపువలె నడుమ ఉబ్బియున్నచో, బరువు ఎముకలను వదలి వానినడుమనున్న మెత్తని భాగముపై పడును. తిమ్మిరి పుట్టుట అందువలననే. అట్టి సీటుపై ఎంత స్పాంజి పెంచినను ఫలము లేదు. కాబట్టి మొదట చూడవలసినది మెత్తదనము కాదు, ఆకారము.

కుదుపు సంగతి వేరు. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ వారి 2631వ ప్రమాణము దేహమునకు తగులు కుదుపును కొలుచు పద్ధతిని నిర్ణయించుచున్నది. దాని ప్రకారము, కూర్చున్న మనుష్యుని దేహము సెకనుకు సుమారు 4 మొదలు 8 మారులు క్రిందుమీదుగా వచ్చు కుదుపునకు మిక్కిలి సున్నితమైనది. మెత్తని స్పాంజి సీటు తానును ఇంచుమించు ఆ వేగముననే ఊగు స్వభావము గలది గనుక, ఆ కుదుపును తగ్గించుటకు బదులు ఒక్కొక్కప్పుడు హెచ్చించును. యూరోపు సమాఖ్యవారు 2002లో కార్మికుల రక్షణకై ఒక శాసనము చేసిరి. ఎనిమిది గంటల పనిదినమునకు లెక్కకట్టి, కుదుపు తీవ్రత 0.5 దాటినచో యజమాని నివారణోపాయము చేయవలెననియు, 1.15 దాటనే రాదనియు అందు విధించిరి. కొలత సెకను వర్గమునకు మీటర్లలో. ట్రాక్టరు నడుపు కూలివాని నడుమును కాపాడుటకు అక్కడ యజమాని బాధ్యుడు. మన పొలము దారిలో నడుపువాడును రైతే, యజమానియు రైతే. ఆ యుపాయమును తానే చేసికొనవలెను.

సీటుపై రూపాయి ఖర్చు పెట్టుటకు ముందు బండి చక్రములను చూడుడు. ముందు టైరునకు ఇంత, వెనుక టైరునకు ఇంత గాలి యని తయారీదారులు బండిపైననే గాని పుస్తకములో గాని వ్రాసియుందురు. బస్తా వేయుదుమని వెనుక టైరును రాయివలె బిగించి, బస్తా దించిన పిదపయు నట్లే తిరుగువారు పలువురు. వెనుకనున్న షాకబ్జార్బరులకు అనేక బండ్లలో బరువునుబట్టి బిగించు మెట్లుండును. ఒంటరిగా తిరుగునప్పుడు అది పైమెట్టున నున్నచో ప్రతి రాయియు వెన్నునకు తెలియును. ఆ షాకులనుండి నూనె కారుచున్నచో మొదట అవి మార్పవలెను. ఈ రెండును సరిజేయగా నొప్పి పోయినచో సీటు జోలికి పోనక్కరయే లేదు.

ఇక మరియొక మాట. ఇది కొందరికి రుచింపకపోవచ్చును. ఇంటిలో బండి కొనునది తండ్రి సొమ్ముతో. ఎన్నుకొనునది ఇరువదేండ్ల కుమారుడు. వాని కన్ను రంగుపైనను వేగముపైనను ఉండును. ముందు సీటు పల్లముగను, వెనుక సీటు మిట్టగను, తోక సన్నముగను ఉన్న బండి ఇంటికి వచ్చును. మరునాటినుండి దానిపై సంతకు పోవువారు తలిదండ్రులు. చీరె కట్టిన తల్లి ఆ మిట్ట సీటుపై ఒకవైపునకు తిరిగి కూర్చుండి, పట్టుకొనుటకు ఏమియు లేక కుమారుని భుజమునే పట్టుకొని, ప్రతి వేగనిరోధకముకడ ప్రాణములు బిగబట్టుకొనుచుండుట మనము దినమును చూచుచున్నాము. నడుమునొప్పి మందునకు తగ్గును. వెనుకనుండి జారిపడిన మనిషి తల దెబ్బకు మందు లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 128వ సెక్షను ప్రకారము నడుపువాడు గాక మరియొక్కరు మాత్రమే ఎక్కవచ్చును. వారును బండికి గట్టిగా బిగింపబడిన సరియైన సీటుపై కూర్చుండవలెను. 1989 నాటి కేంద్ర నియమములలో 123వది, వెనుకవారికి పట్టుకొను పిడియు, పాదములు మోపు ఆధారమును, బట్ట చిక్కకుండ వెనుక చక్రమును సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణయు ఉండవలెననుచున్నది. సీటు మార్చునప్పుడు వెనుకభాగమును చదునుగను వెడల్పుగను చేయించుటయే నా దృష్టిలో మొదటి పని, ముందుభాగము తరువాత. పాత సీటు నడుమనున్న పట్టీని తీసివేసి మరల బిగింపని పనివారు కలరు. అది వచ్చినదా లేదా చూచుకొనకుండ సొమ్ము చెల్లింపకుడు.

సికింద్రాబాదున మోటారు విడిభాగములకు రాణిగంజి పేరుపడినది. బోయినపల్లిలో ఉదయము సరకు దించినవారికి అది దారి తప్పినంత దూరమును కాదు. అచ్చట తయారు సీట్లు గుట్టలుగా నుండును. ఎర్రదారపు కుట్లు, మెరుగు రెక్సిను, కంపెనీ పేర్లు అచ్చొత్తిన తొడుగులు కనుల పండువుగా నుండును. లోపలి స్పాంజి ఏదో మాత్రము కనబడదు. పైతొడుగు విప్పి చూపుమన్నచో దుకాణదారు కోపగించుకొనును. బండి తయారీదారులే అమ్ము వెడల్పు సీట్లు కొన్ని బండ్లకు కలవు. రాయల్ ఎన్‌ఫీల్డువారు దూరప్రయాణపు సీట్లను వేరుగా అమ్ముచున్నారు. వారి క్లాసిక్ బండి 2009లో వచ్చినప్పుడు ముందు సీటు స్ప్రింగులపై నిలిచియుండెను. చూచుటకు సొంపైనదే గాని, ఊగుటను ఆపు సాధనము లేని స్ప్రింగు గుంతల దారిలో మనిషిని ఎగురవేయుచునే యుండును. పైగా మన గ్రామములలో ఎక్కువగా తిరుగునవి అట్టి పెద్ద బండ్లు కావు. మనబోటివారికి తగినది, ఉన్న సీటు పళ్లెమును అట్లే యుంచి, దానిపై స్పాంజిని మార్పించి, తొడుగు కుట్టించుకొనుట. పళ్లెము బండికి సరిపోవునా, కొక్కెము పడునా అను చింత యుండదు, ఖర్చును తక్కువ.

స్పాంజిని కొనునప్పుడు విత్తనమును కొనునట్లు కొనవలెను. దుకాణములో డెన్సిటీ అను మాట వినబడును. 40 డెన్సిటీ యనగా ఘనమీటరు స్పాంజి 40 కిలోగ్రాములు తూగునని యర్థము. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, రెండంగుళముల మందము గల తునకను త్రాసున వేసినచో 40 డెన్సిటీది సుమారు 190 గ్రాములును, 32 డెన్సిటీది సుమారు 150 గ్రాములును తూగవలెను. బియ్యములో రాళ్లు కలుపు లోకములో స్పాంజిలో సుద్దపొడి కలుపువారును కలరు గనుక తూనికతో తృప్తిపడక, పిడికిలితో నలిపి వదలి చూడుడు. మంచిది వెంటనే లేచును. సుద్ద కలిసినది బద్ధకముగా లేచి, వ్రేళ్లకు పొడి అంటును. రంగురంగుల తునకలను అతికించి గట్టిగా నొక్కిన రీబాండెడ్ అను రకమొకటి యున్నది. అది ఒంటరిగా పలకవలె నుండును. అడుగున అంగుళము మందమున వేసి, దానిపై మంచి స్పాంజిని రెండంగుళములు అతికించినచో అణగుటయు తగ్గును, గట్టిదనమును తెలియదు. జెల్లు అను జిగురు పదార్థపు మెత్తలను కొందరు పొగడుచున్నారు. నీడన నిలుపు పట్టణపు బండికి అవి మంచివి కావచ్చును. రోహిణి కార్తెలో గట్టుమీద నిలిపిన బండిపై ఆ జెల్లు వేడిని పీల్చి యుంచుకొనును. దానిపై కూర్చున్నవానికి అట్లకాడ అవసరమగును.

ఎత్తును మరువరాదు. మన చిన్న బండ్ల సీటు భూమికి ఇంచుమించు 785 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. దానిపై రెండంగుళములు పెంచినచో పొట్టివాని పాదము మునివేళ్లపై నిలుచును. బస్తాతో నున్న బండి బురదలో వాలినప్పుడు మునివేళ్లు ఆపలేవు. కాబట్టి పాత స్పాంజి నణగినంత మేర కోసివేసి, ఆ మేరకే క్రొత్తది వేయించుడు. సీటు ముందునకు వాలియున్నచో మనిషి ట్యాంకుపైకి జారుచు, చేతులతో తన్ను తాను వెనుకకు నెట్టుకొనుచుండును. సాయంకాలమునకు మణికట్లు నొచ్చును. ఇది స్పాంజి లోపము కాదు, వాలు లోపము. కుట్లు వేయకమునుపే బండికి తగిలించి, కూర్చుండి చూచి, వాలు సరిజేయించుకొనవలెను. తొడుగు బిగించిన పిదప చెప్పినచో పనివాడు వినడు.

తొడుగు నున్నగా మెరయునది వద్దు. జారును, ఎండకు కాలును. గరుకు రెక్సిను మేలు. కూర్చుండు చోట కుట్టు రాకుండ చెప్పుడు. కుట్టు రంధ్రములలో వాన నీరు దిగి స్పాంజి కుళ్లిపోవును. వేసవిలో గాలియాడుటకు జాలీ తొడుగులు అమ్ముచున్నారు. నాకైతే గొంగడి తునకయే ఇష్టము. దక్కని గొర్రె ఉన్ని గరుకైనను చెమటను పీల్చును, గాలి నాడనిచ్చును, బట్టకు అంటుకొనదు. ఆస్ట్రేలియాలో గొర్రెతోలును సీట్లపై పరచుకొందురు. మన కురుమ నేతగాండ్ర గొంగడి దానికి ఏ విధమునను తీసిపోదు. అయితే క్రింద రబ్బరు పట్టీతో గట్టిగా కట్టవలెను, వానకాలమున తీసివేయవలెను. వదులుగా పరచిన గొంగడియు, తువాలును, గోనెయు మలుపులో జారి మనిషిని దించును.

సంఘములో ఒక పని చేయవచ్చునని నాకు తోచుచున్నది. స్పాంజి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల పలకలుగా దొరకును. సీటునకు 28 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు చాలుననుకొన్నచో ఒక పలకలో ఆరు సీట్లు వచ్చును. ఒక్కొక్కడు వేరువేరుగా పోయి తునక కొనినచో దుకాణదారు చెప్పినదే ధర. ఆరుగురు కలిసి పలకను తూచి కొనినచో బేరము మన చేత నుండును. కుట్టువానిని ఒక దినము గ్రామమునకే పిలిపించుకొనవచ్చును. అప్పుడు ప్రతివాడును తన బండిపై తాను కూర్చుండి, వెనుక ఇల్లాలిని కూర్చుండబెట్టి, కొలత చూపి చెప్పగలడు. పట్టణములో దుకాణముముందు కాలిబాటపై ఇది సాగదు. ఆడువారి మాట అక్కడ అడుగువాడే యుండడు.

పని అయిన వెంటనే తృప్తిపడి సొమ్మంతయు ఇయ్యక, కొంత నిలిపి, ఒక గంట దూరము పోయి రండు. తొడుగు పిన్నులు పీకి మరల సరిజేయుట ఆనాడైతే సులభము. కోసి తీసిన పాత స్పాంజి పాడుకానిదైనచో దానిని వదలిరాకుడు. ట్రాక్టరు సీటునకు పనికివచ్చును.