మూడు పెన్నీల పన్ను

"అమెరికా స్వాతంత్ర్య సమరమునకు కారణమేమి?" అను ప్రశ్నను నేను ఉపాధ్యాయుడనుగా ఉన్న దినములలో పరీక్షాపత్రములందు పలుమారులు ఇచ్చితిని. "తేయాకుపై పన్ను వేసినందున అమెరికావారు తిరుగబడిరి" అని విద్యార్థులు వ్రాసెడివారు. నేను మార్కులు వేసెడివాడను. కాని నా మనస్సు మాత్రము తృప్తిచెందెడిది కాదు. ఆ పన్ను పౌను తేయాకునకు మూడు పెన్నీలు మాత్రమే. మూడు పెన్నీల కొరకు మానవుడు ఇల్లు విడిచి, ఆలుబిడ్డలను విడిచి, తుపాకిగుండ్లకు ఎదురు నిలుచునా? ఈ సందేహము మీకును కలుగవలెనని నా కోరిక. దీనికి సమాధానము వెదకినపుడే ఆ యుద్ధము మనకు అర్థమగును.

ఆ వలస ప్రజలు ఎవరో మొదట తెలిసికొందము. 1607వ సంవత్సరమున ఆంగ్లేయులు వర్జీనియాలోని జేమ్స్‌టౌనున నివాసము ఏర్పరచుకొనిరి. తరువాత నూటయిరువదియైదు ఏండ్లలో అట్లాంటిక్ తీరము పొడవున పదమూడు వలసరాజ్యములు వెలసెను. కొందరు మతస్వేచ్ఛను కోరి వచ్చిరి. కొందరు భూమిని కోరి వచ్చిరి. వీరు ఇంగ్లండునకు శత్రువులు కారు. తాము ఆంగ్లరాజు ప్రజలమని చెప్పుకొనుట వారికి గర్వకారణము. ప్రతి వలసరాజ్యమునందును ఓటర్లు ఎన్నుకొనిన శాసనసభ ఉండెను. అచటి పన్నులను ఆ సభయే విధించెడిది. మూడు వేల మైళ్ల దూరమున, సముద్రమునకు ఆవల ఉన్న పార్లమెంటులో మాత్రము వారి ప్రతినిధి ఒక్కడును లేడు. ఈ విషయమును జ్ఞాపకముంచుకొనుడు. కథ యంతయు దీని చుట్టునే తిరుగును.

1763లో బ్రిటనునకును ఫ్రాన్సునకును నడుమ జరిగిన ఏడేండ్ల యుద్ధము ముగిసెను. ఆ యుద్ధకాలముననే, 1759లో, మన మచిలీపట్నము కోట ఫ్రెంచివారి చేతినుండి ఆంగ్లేయుల చేతికి వచ్చినది. బ్రిటను గెలిచెను, కాని ప్రభుత్వపు ఋణము ఇంచుమించు రెట్టింపయ్యెను. అమెరికాలో సైన్యమునుంచుటకు అగు వ్యయమున కొంతభాగమును అచటి ప్రజలే భరించుట న్యాయమని లండనులోని మంత్రులు తలచిరి. ఈ వాదమున సత్యము లేకపోలేదు. బ్రిటను ప్రజలు చెల్లించు పన్నులతో పోల్చిచూచిన, అమెరికావారు చెల్లించునది స్వల్పమే. కాని ఇంటి యజమానిని అడిగి ధాన్యము పుచ్చుకొనుట వేరు. అడుగకయే గాదె తలుపు తీయుట వేరు.

1765లో పార్లమెంటు స్టాంపు చట్టమును చేసెను. వార్తాపత్రికలు, దస్తావేజులు, పంచాంగములు, తుదకు పేకముక్కలపై కూడ రుసుము చెల్లించి ప్రభుత్వముద్ర వేయించుకొనవలసి వచ్చెను. తొమ్మిది వలసరాజ్యముల ప్రతినిధులు న్యూయార్కున సమావేశమై, తమ ప్రతినిధులు లేని సభ తమపై పన్ను వేయుట న్యాయము కాదని రాజునకును పార్లమెంటునకును విన్నపములు పంపిరి. వర్తకులు ఆంగ్లవస్తువులను తెప్పించుట మానిరి. కొన్నిచోట్ల గుంపులు అధికారుల ఇండ్లపై బడి ధ్వంసము చేసినమాటయు నిజమే. దానిని నేను మెచ్చుకొనను. మరుసటి ఏడు ఆ చట్టము రద్దయ్యెను. కథ అంతటితో ముగియవలసినది. కాని వలసరాజ్యములకు సంబంధించిన సమస్త విషయములందును శాసనములు చేయు అధికారము తనకు కలదని పార్లమెంటు ఆ దినముననే వేరొక చట్టము చేసెను. పన్ను పోయెను, ముల్లు మిగిలెను.

1767లో గాజు, సీసము, రంగులు, కాగితము, తేయాకులపై క్రొత్త సుంకములు వచ్చెను. మరల బహిష్కారము జరిగెను. బోస్టను నగరమున సైన్యము దిగెను. 1770 మార్చి 5వ తేదీన అల్లరి చేయుచున్న గుంపుపై సైనికులు కాల్పులు జరుపగా ఐదుగురు మరణించిరి. న్యాయస్థానమున ఆ సైనికుల పక్షమున వాదించినవాడెవడో తెలియునా? తరువాత స్వాతంత్ర్యోద్యమ నాయకులలో ఒకడై, అమెరికాకు రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్సు! సైనికులలో ఎక్కువమంది నిర్దోషులుగా విడుదలయిరి. యుద్ధమునకు సాకు వెదకుచున్నవారు ఇట్లు చేయుదురా?

తరువాత తక్కిన సుంకములను తొలగించి, తేయాకు సుంకమును మాత్రము నిలిపియుంచిరి. అది ధనము కొరకు కాదు, అధికారము నిలుపుకొనుటకు. అంతలో ఈస్టిండియా కంపెనీ చిక్కులలో పడెను. ఇది మన దేశమున బెంగాలును, ఉత్తర సర్కారులను చేజిక్కించుకొనిన కంపెనీయే. దానికి అప్పులు పెరిగెను. అమ్ముడుపోని తేయాకు గిడ్డంగులలో మూలుగుచుండెను. 1773లో పార్లమెంటు ఆ తేయాకును నేరుగా అమెరికాలో అమ్ముకొనుటకు కంపెనీకి వీలు కల్పించెను. ఇందువలన తేయాకు వెల తగ్గెను. మన పరీక్షాసమాధానము ఇచటనే తలక్రిందులగుచున్నది. వెల పెరిగినందున కాదు, తగ్గిన తరువాతనే వారు తేయాకును త్రోసిపుచ్చిరి! తమ వ్యాపారము దెబ్బతినునని భయపడిన వర్తకులు వారిలో లేకపోలేదు. కాని ఆ చౌక తేయాకును త్రాగుట యనగా, అడుగక పన్ను వేయు అధికారమునకు తలయూపుట యని ప్రజలు గ్రహించిరి. డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టను రేవున 342 పెట్టెల తేయాకును సముద్రమున పారబోసిరి.

అపుడైనను పార్లమెంటు ఆలోచింపవలసినది. కాని 1774లో బోస్టను రేవును మూసివేసెను. మసాచుసెట్సు ప్రజల స్వపరిపాలనాధికారములను కుదించెను. కొందరు చేసిన పనికి ఊరంతటికిని శిక్ష పడెను. గోటితో పోవలసినది గొడ్డలిదాక వచ్చినది. తక్కిన వలసరాజ్యములు బోస్టనునకు ఆహారపదార్థములు పంపెను. పండ్రెండు వలసరాజ్యముల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో సమావేశమైరి. అప్పటికిని వారు కోరినది హక్కులే కాని స్వాతంత్ర్యము కాదు.

1775 ఏప్రిల్ 19వ తేదీన, దాచిన ఆయుధములను పట్టుకొనబోయిన సైనికులకును గ్రామస్థులకును లెక్సింగ్టనున ఘర్షణ జరిగెను. మొదటి గుండు ఎవరు పేల్చిరో నేటికిని తేలలేదు. నెత్తురు చిందిన తరువాత కూడ, జూలైలో, వలసరాజ్యముల మహాసభ రాజునకు సంధిని కోరుచు విన్నపము వ్రాసెను. మూడవ జార్జి దానిని స్వీకరింపనే లేదు. ఆగష్టులో వారు తిరుగుబాటుదారులని ప్రకటించెను. 1776 జనవరిలో థామస్ పెయిన్ అనునతడు ప్రకటించిన చిన్న పుస్తకము, రాజుపై ఇంకను ఆశ యేల అని సామాన్యుని భాషలో ప్రశ్నించెను. జూలై 4వ తేదీన మహాసభ స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించెను. యుద్ధము సాగిసాగి, ఫ్రాన్సు సాయముతో 1781లో యార్కుటౌనున విజయము లభించెను. 1783లో బ్రిటను వారి స్వాతంత్ర్యమును అంగీకరించెను.

కావున నా అభిప్రాయమిది: ఆ ప్రజలను యుద్ధమునకు తెచ్చినది పన్ను బరువు కాదు, పాలకుల చెవుడు. పది సంవత్సరముల పాటు వారు మొరపెట్టుకొనిరి. ప్రతిమారును ప్రత్యుత్తరముగా వచ్చినది సుంకమో, సైన్యమో, శిక్షయో. మన కాంగ్రెసు మహాసభ కూడ 1885 తరువాత చాలకాలము విన్నపములే పంపినదని మీకు తెలియును. విన్నపము విలువ నెరుగని ప్రభుత్వము ఉద్యమమును తానే పెంచుకొనును.

అయినను వారిని దేవతలుగా చిత్రించుట నాకు సమ్మతము కాదు. మనుష్యులందరును సమానులుగా సృష్టింపబడిరని ప్రకటించిన ఆ దేశమున, ఐదుగురిలో ఒకరు బానిసలు. ఆ ప్రకటనను వ్రాసిన జెఫర్సనుకే బానిసలు ఉండిరి. వారి మొర వినబడి, బానిసత్వము చట్టరీత్యా అంతరించుటకు 1865 దాక పట్టినది. దానికి ముందు మరియొక ఘోరయుద్ధము జరిగినది. తమ మాట వినుడని రాజును అడిగినవారే తమ పొలములలోని వారి మాట వినకపోయిరి.

విద్యార్థులారా! ఆ ప్రశ్న నేడు మరల నా చేతికి వచ్చినచో, "తేయాకుపై పన్ను" అను సమాధానమునకు సగము మార్కులే వేయుదును. "తమను అడుగకుండ పన్ను వేసిరి, అడిగినను వినకపోయిరి" అని వ్రాసినవానికి పూర్తి మార్కులు. "వారును అందరి మాట వినలేదు" అని చేర్చినవానిని పిలిచి, వీపు తట్టెదను.